లైట్లు ఆర్పేశాక: అబ్బాయిల బోర్డింగ్ స్కూల్ గురించి మీ ప్రశ్నలు

పోయిన సంచికలో హాస్టల్ జీవితం మీద ఏదో చిన్న జవాబు రాశాను, అంతే, అప్పట్నుంచి ఉత్తరాలూ మెయిళ్లూ ఆగట్లేదు. అన్నిటికీ రాయడం నావల్ల కాదు కాబట్టి కొన్ని ఏరుకున్నా. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క ముక్క: నేను 7 ఏళ్లు అబ్బాయిల బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నా, తర్వాత 22 ఏళ్లు అలాంటి స్కూల్లోనే హౌస్ మాస్టర్‌గా, అంటే హాస్టల్లో పిల్లల్ని చూసుకునే టీచర్‌గా చేశా. ఆ పొద్దున్నే బెల్లుని తిట్టుకుంటూ లేచినవాణ్ణీ నేనే, దాన్ని కొట్టించినవాణ్ణీ నేనే. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు వేయట్లేదు, ఏమనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, మా బాబుకి 10 నిండాయి. వచ్చే ఏడు బోర్డింగ్‌లో వేద్దామని మా ఆయన పట్టుబడుతున్నారు. "అక్కడైతే డిసిప్లిన్ వస్తుంది, నువ్వు ముద్దు చేసి పాడుచేస్తున్నావ్" అంటారు. వాడు ఇప్పటికీ నా పక్కన తప్ప పడుకోడు. అసలు అక్కడ పొద్దుట్నుంచి రాత్రిదాకా ఏం చేస్తారండీ? – ఒక అమ్మ

జవాబు: అమ్మా, ముందు రోజు ఎలా గడుస్తుందో చెప్తా, డిసిప్లిన్ సంగతి తర్వాత చూద్దాం.

టైములు స్కూల్‌ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ రోజు మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది. తెల్లారి 5:30కి బెల్లు. బెల్లు మోగిన రెండు నిమిషాలకి డార్మెటరీలో లైట్లన్నీ వెలుగుతాయి, దుప్పటి నెత్తిమీదికి లాక్కున్నవాణ్ణి పక్క మంచంవాడు కాలితో తంతాడు. ప్రేమతోనే లెండి, ఎందుకంటే ఒకడు లేటైతే పీటీలో మొత్తం డార్మెటరీ ఇంకో రౌండు పరిగెత్తాలి. పీటీ అయ్యాక స్నానాల దగ్గర యుద్ధం. 40 మందికి 6 కుళాయిలు ఉంటే ఎవడు ఎప్పుడు వెళ్లాలి, సబ్బు ఎవడి దగ్గర ఉంది, వాడు ఇవాళ మనతో మాట్లాడుతున్నాడా లేదా, ఈ లెక్కలన్నీ పదేళ్ల బుర్ర పది సెకన్లలో వేసేస్తుంది. నేను లెక్కల్లో అంతంతమాత్రం గానీ ఆ లెక్కల్లో ఫస్టు. తర్వాత పక్క సర్దడం, దుప్పటి మూలలు మడవడం, బూట్లు, గోళ్లు, ఇన్‌స్పెక్షన్. మెస్, అసెంబ్లీ, క్లాసులు. మధ్యాహ్నం ఓ గంట మంచాల మీద సైలెంటుగా ఉండాలి (ఉండరు). సాయంత్రం ఆటలు, వచ్చినా రాకపోయినా గ్రౌండ్‌లో ఉండాల్సిందే. మళ్లీ స్నానం. తర్వాత స్టడీ అవర్, అందులో సగం మంది పుస్తకం నిలబెట్టి దాని వెనక కునుకు తీస్తుంటారు. భోజనం, రోల్ కాల్, 9:30కి లైట్స్ ఆఫ్.

చూశారా, వాడికి ఏడవడానికి టైమ్ లేదు. బెంగ పగలు రాదమ్మా. ఆటలయ్యాక స్నానం చేస్తున్నప్పుడు వస్తుంది, ఆదివారం మధ్యాహ్నం వస్తుంది, అన్నిటికంటే ఎక్కువ లైట్లు ఆర్పేసిన మొదటి ఇరవై నిమిషాల్లో వస్తుంది. నా మంచం పక్క మంచంలో ఒకడు రోజూ ముక్కు ఎగబీల్చేవాడు, జలుబనుకున్నా, వాడూ జలుబనే చెప్పేవాడు, నెలన్నర ఉండింది ఆ జలుబు. మీరు ఫోన్ చేస్తే వాడు ఏడుస్తాడు. అలా ఏడ్చాడంటే అక్కడ ఘోరం జరిగిపోతోందని కాదు, మీ గొంతు విన్నాడు, అంతే. ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకి గ్రౌండ్‌లో ఉంటాడు, మీరు మాత్రం ఆ రాత్రంతా ఏడుస్తారు. అసలు ఫోనే చేయొద్దంటే నేను ఒప్పుకోను గానీ రోజూ చేయకండి, వారానికో రోజు పెట్టుకుని ఆ రోజు తప్పకుండా చేయండి. తప్పకుండా అన్నది ముఖ్యం, ఫోన్ రాని ఆదివారం అంత పొడుగు రోజు ఇంకోటి ఉండదు.

ఇంకో విషయం. నిద్ర డాక్టర్లు 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలంటారు. 9:30 నుంచి 5:30 అంటే ఎన్ని గంటలో మీరే లెక్కేయండి. పెద్దపిల్లలకి బొటాబొటీ, చిన్నవాళ్లకి చాలదు. అందుకే చిన్న క్లాసులవాళ్లని ముందు పడుకోబెడతారా, ఆలస్యంగా లేపుతారా అని స్కూల్‌ని అడగండి. అందరికీ ఒకటే బెల్లు అన్నారంటే ఆ టైమ్ టేబుల్ పిల్లల్ని చూసి వేసింది కాదన్నమాట.

ఇక మీ ఆయన చెప్పే డిసిప్లిన్. బెల్లుతో వచ్చిన డిసిప్లిన్ బెల్లుతోనే పోతుంది, కావాలంటే సెలవులకి ఇంటికొచ్చిన ఏ బోర్డింగ్ కుర్రాణ్ణైనా చూడండి, పదింటిదాకా లేవడు, తడి టవల్ మంచం మీదే. నాకు తెలిసినంతలో వాళ్లకి అబ్బేది వేరే. నలుగురిలో సర్దుకుని బతకడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, నచ్చనివాడితో కూడా ఒకే గదిలో ఏడాది గడపడం. ఇది ఇంట్లో నేర్పడం నిజంగా కష్టం. కానీ పదేళ్లకే పంపి తీరాలా అంటే నేను 11, 12 దాకా ఆగమంటాను. ఈలోపు వాడిని వేరే మంచం మీద పడుకోబెట్టండి, తన లోబట్టలు తనే ఉతుక్కోనివ్వండి, ముఖ్యంగా తెలియని పెద్దవాళ్ల దగ్గరికెళ్లి "నాకు ఒంట్లో బాలేదు" అని చెప్పడం నేర్పండి. ఈ ఒక్క మాట చెప్పలేక జ్వరంతో పీటీకి వచ్చిన పిల్లలు నాకు ఏటా తగిలేవాళ్లు.

ప్రశ్న: స్కూల్ చూడ్డానికి వెళ్తున్నాం. గ్రౌండు, ల్యాబు, కంప్యూటర్లు అన్నీ చూపిస్తారు. అవి కాకుండా మేం ఏం చూడాలి సార్? – ఒక తండ్రి

జవాబు: బాత్రూములు. నవ్వకండి. తలుపులకి లోపల గడియలు ఉన్నాయా లేదా చూడండి. తర్వాత రాత్రి డార్మెటరీకి ఎంత దగ్గర్లో పెద్దవాళ్లు పడుకుంటారు, వాళ్ల పేరేంటి, అర్ధరాత్రి పిల్లాడికి వాంతైతే ఎవర్ని లేపుతాడు అని అడగండి. ఈ ప్రశ్నకి ప్రిన్సిపాల్ జవాబు చెప్తే వినండి గానీ అక్కడే తిరుగుతున్న ఏ ఆరో క్లాసు పిల్లాణ్ణో కూడా అడగండి. ఇద్దరూ ఒకే పేరు చెప్తే సగం పని అయిపోయినట్టే. మెస్‌లో భోజనాల టైముకి వెళ్లి టీచర్లు పిల్లలతో కూర్చుని అదే తింటున్నారా, వాళ్లకి వేరే టేబులూ వేరే వంటకాలా చూడండి. ఇంకా, మీకు స్కూల్ చూపించడానికి పంపిన కుర్రాడికి దారిలో చిన్నపిల్లలు ఎదురైతే వాళ్లు పక్కకి ఒత్తిగిల్లుతున్నారా, లేక "అన్నా" అంటూ మీద పడుతున్నారా గమనించండి. గోడమీద రాసిన నీతివాక్యాలు చదవక్కర్లేదు, అన్ని స్కూళ్లలోనూ బాగానే ఉంటాయి.

ప్రశ్న: ఈ హౌస్‌లూ ప్రిఫెక్టులూ బ్లేజర్లూ అన్నీ తెల్లవాళ్ల పిచ్చి కాదా మాస్టారూ? మనకి గురుకులాలు లేవా? ఇంకా ఆ బానిసత్వం దేనికి? – ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: మీ కోపం కొంత న్యాయమే. కానీ ఆ తెల్లవాళ్ల దగ్గర కూడా ఇది మనం అనుకున్నంత గొప్పగా ఏం మొదలవలేదు సార్, ఆ కథ కొంచెం సరదాగా ఉంటుంది.

ఇంగ్లండ్‌లో వించెస్టర్ స్కూల్ 1382లో పెట్టారు, పెట్టింది విలియం ఆఫ్ వైకెమ్ అనే బిషప్పు. మనిషిని మనిషిగా చేసేది నడవడికే అన్న అర్థం వచ్చే మాటని స్కూల్ మోటోగా పెట్టుకున్నారు. 1440లో ఆరో హెన్రీ రాజు ఈటన్ పెట్టాడు, 70 మంది పేద పిల్లలకి ఉచితంగా చదువు చెప్పడానికి. అవును, ఈటనే, ఇప్పుడు కోటీశ్వరుల పిల్లలు చదివే ఈటన్. పేదవాళ్ల కోసం కట్టిన సత్రంలోకి డబ్బున్నవాళ్లు మెల్లగా కాలు చాపుకుంటూ వచ్చారన్నమాట.

18వ శతాబ్దానికి వచ్చేసరికి ఈ స్కూళ్లు ఎలా తయారయ్యాయంటే, సాయంత్రమయ్యాక పెద్దవాళ్లు తలుపులేసుకుని వెళ్లిపోతే లోపల బలమున్నవాడిదే రాజ్యం. 1797లో రగ్బీ స్కూల్లో పిల్లలు తిరగబడ్డారు. పగిలిన కిటికీలకి డబ్బు కట్టమన్నాడని హెడ్‌మాస్టర్ గది తలుపుని మందుగుండు పెట్టి పేల్చేశారు, బెంచీలూ పుస్తకాలూ తగలబెట్టారు, చివరికి సైనికులు దిగాల్సొచ్చింది. మా హౌస్‌లో కుర్రాళ్లు ఫ్యూజు పీకేస్తేనే నాకు బీపీ పెరిగేది, ఆ హెడ్‌మాస్టర్ని తలుచుకుంటే జాలేస్తుంది.

అదే రగ్బీకి 1828లో థామస్ ఆర్నాల్డ్ అని కొత్త హెడ్‌మాస్టర్ వచ్చాడు. పెద్ద క్లాసు కుర్రాళ్లు ఎలాగూ చిన్నవాళ్ల మీద పెత్తనం చేస్తున్నారు, ఆ పెత్తనాన్ని ఆపలేం, దానికి బాధ్యత తగిలిద్దాం అన్నది ఆయన లెక్క. ప్రిఫెక్టు పద్ధతి, అంటే పెద్ద క్లాసు కుర్రాళ్లకి చిన్నవాళ్ల బాధ్యత అప్పగించడం, అంతకుముందే ఉంది, దాన్ని స్కూల్‌కి వెన్నెముక చేసింది మాత్రం ఆయనే. చదువుకంటే ముందు మంచి నడత, దానికంటే ముందు నీతి, అలా వరస పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన బోర్డింగ్ స్కూళ్లు చాలావరకు ఆ నమూనా పట్టుకున్నవే.

మన దగ్గరికి ఇది ఎలా వచ్చిందంటే, ముందు రాజుల బిడ్డల కోసం. అజ్మీర్‌లో మేయో కాలేజీ 1875లో మొదలైంది. తర్వాత 1935లో డెహ్రాడూన్‌లో డూన్ స్కూల్, ఆలోచన సతీష్ రంజన్ దాస్‌ది, మొదటి హెడ్‌మాస్టర్ ఆర్థర్ ఫుట్ ఈటన్‌లో సైన్స్ చెప్పి వచ్చినవాడు. అయితే ఒకటి గమనించండి, ఆ స్కూల్ 1935లోనే జనగణమనని తమ స్కూల్ పాటగా పెట్టుకుంది, అది జాతీయగీతం కావడానికి 15 ఏళ్ల ముందు. కాబట్టి బానిసత్వం అని ఒక్క మాటలో కొట్టిపారేయలేం. 1961లో సైనిక్ స్కూళ్లు మొదలయ్యాయి, అప్పటి రక్షణ మంత్రి కృష్ణ మీనన్ పూనికతో, మామూలు ఇళ్ల పిల్లలు కూడా ఆర్మీ ఆఫీసర్లు కావాలని. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962లో వచ్చింది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు, పల్లెటూరి పేద పిల్లలు ఫీజు లేకుండా ఉండి చదువుకోవడానికి. పేరు గురుకులమే, మీరన్నట్టు. కానీ లోపలికెళ్లి చూస్తే అక్కడా బెల్లు, పీటీ, స్టడీ అవర్, హౌస్ మాస్టర్. రెండూ కలిసిపోయాయి సార్, విడదీయడం ఇప్పుడు మీ వల్లా కాదు నా వల్లా కాదు. నాకు సర్వేల్ అంటే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఈటన్ మొదట ఏం చేద్దామనుకుందో అది అక్కడ జరిగింది. బ్లేజర్ వేసుకుంటే ఏంటి, వేసుకోకపోతే ఏంటి.

ప్రశ్న: ఫోన్లు ఇవ్వరంటున్నారు. ఈ కాలంలో కూడా అలాగేనా? – ఒక అక్క

జవాబు: చాలాచోట్ల ఇవ్వరు. మంచిదే అంటాను, డార్మెటరీలో ఒక్కడి దగ్గర ఫోనుంటే రాత్రి 20 మంది నిద్రపోరు. మీరు ఉత్తరం రాయండమ్మా. నిజంగా రాయండి. పేరు పిలిచి కవరు చేతికిస్తుంటే వాడు వరసలోంచి నడుచుకుంటూ వచ్చి తీసుకునే తీరు మీరు చూడాలి. "బాగా చదువుకో, ఆరోగ్యం జాగ్రత్త" అని మాత్రం రాయకండి, ఇంట్లో పిల్లి ఏం చేసిందో రాయండి.

ప్రశ్న: సార్, మావాడు ఏడో క్లాసు. సెలవులకొస్తే చేతులు చూశాను, సబ్బుకి పాసిపోయి ఉన్నాయి. గుచ్చి గుచ్చి అడిగితే సీనియర్ల బట్టలు ఉతుకుతున్నాడట, రాత్రి కాళ్లు కూడా పట్టాలట. "అమ్మా స్కూల్లో చెప్పకు, చెప్తే చంపేస్తారు" అంటున్నాడు. మా ఆయన "అది మామూలే, మగపిల్లాడు గట్టిపడతాడు" అంటున్నారు. ఏం చేయను? – పేరు రాయలేదు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన చెప్పింది తప్పు, ఆయనకి ఈ పేజీ చూపించండి.

ఈ రోగానికి పాత పేరుంది. ఇంగ్లండ్ స్కూళ్లలో దీన్ని ఫ్యాగింగ్ అనేవాళ్లు, చిన్నవాడు పెద్దవాడికి బూట్లు తుడవాలి, చలి కాచుకోడానికి నిప్పు రాజేయాలి, టోస్టు కాల్చాలి. అది దొంగచాటుగా జరిగింది కాదు, బహిరంగంగా, రూలు ప్రకారం, వందల ఏళ్లు. సేవ చేయడం నేర్చుకుంటేనే నాయకత్వం వస్తుందని సమర్థించుకున్నారు. అదే ఇంగ్లండ్ 20వ శతాబ్దంలో దాన్ని మానేసింది. వాళ్లే వదిలేసినదాన్ని మనం పట్టుకుని వేలాడటం దేనికి?

నేను కూడా ఉతికాను. 12 ఏళ్లప్పుడు ఒక సీనియర్ చొక్కాలు రెండేళ్లు ఉతికాను. గట్టిపడ్డానా? ఏమో. నేను పదో క్లాసుకొచ్చాక ఏం చేశానో మాత్రం చెప్తా, ఒక చిన్నోణ్ణి పిలిచి నా చొక్కా వాడి చేతిలో పెట్టా. వాడు మాట్లాడకుండా తీసుకున్నాడు. వాడి మొహం ఇవాళ్టికీ గుర్తుంది, పేరు మర్చిపోయా, అదీ సిగ్గే. గట్టిపడటం అని మీ ఆయన అంటున్నది ఇదే, ఒకడి చేతి పాసి ఇంకొకడి చేతికి అంటుకుంటుంది.

ఇప్పుడు చేయాల్సింది. పిల్లాడికి "నేను చెప్పను" అని మాటివ్వకండి. "నీ పేరు బయటికి రాకుండా చూసుకుంటా, కానీ చెప్తా" అనండి. ప్రిన్సిపాల్ దగ్గరికి ఉట్టినే వెళ్తే "విచారిస్తాం" అని పంపేస్తారు, ఆ సాయంత్రమే రోల్ కాల్‌లో అందరి ముందూ "ఎవడ్రా కంప్లైంట్ ఇచ్చింది" అని అరిచే తెలివితక్కువవాళ్లని నేను చూశాను. అందుకని కాగితం మీద రాసివ్వండి, మీ దగ్గర కాపీ ఉంచుకోండి, ఫలానా పిల్లాడు అని కాకుండా ఫలానా డార్మెటరీలో రాత్రి ఫలానా టైములో ఇలా జరుగుతోంది, పెద్దవాళ్లు రౌండ్లకి రండి అని రాయండి. వీలైతే ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లుల్ని కలుపుకోండి, ఒక్క పిల్లాడి మీద వేలు పడదు.

ఆ కాళ్లు పట్టించుకోవడం అన్నారే, దాని గురించి ఇంకాస్త మెల్లగా, ఒంటరిగా ఉన్నప్పుడు, మీ మొహంలో కంగారు కనపడకుండా అడగండి. అది అక్కడితో ఆగిందా లేదా తెలియాలి. ఆగకపోతే అది స్కూల్ మర్యాద చూసుకునే విషయం కాదు, పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కిందికి వస్తుంది, తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, స్కూల్‌కి కూడా దాచే హక్కు లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది. ఒకవేళ కొడుతున్నది సీనియర్లు కాదు, టీచర్లే అని తేలినా మామూలే అని ఊరుకోవద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది.

స్కూల్ నుంచి వారంలో కదలిక లేకపోతే పిల్లాణ్ణి తెచ్చేసుకోండి. సంవత్సరం పోతే పోతుంది.

ప్రశ్న: అబ్బాయిలు మాత్రమే ఉన్న స్కూల్లో పెరిగినవాళ్లకి ఆడవాళ్లతో మాట్లాడటం రాదంటారు. నిజమేనా? – కాబోయే పెళ్లికూతురు

జవాబు: కొంత నిజం. కాలేజీలో మొదటిసారి ఒక అమ్మాయి నన్ను పెన్ను అడిగితే ఇచ్చి, తిరిగి తీసుకోవడానికి ధైర్యం చాలక కొత్తది కొనుక్కున్నా. అక్కచెల్లెళ్లు ఉన్నవాళ్లు త్వరగా తేరుకుంటారు. స్కూళ్లూ మారుతున్నాయి, సైనిక్ స్కూళ్లన్నిటిలోకీ 2021 నుంచి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారు, స్కాట్లాండ్‌లోని గోర్డన్‌స్టన్ 1972లోనే తీసుకుంది. ఈటన్, డూన్ ఇంకా అబ్బాయిలవే. మీవాడు పక్క శుభ్రంగా సర్దుతాడు, అది మాత్రం గ్యారంటీ. సరదాకి అన్నాలెండి, సర్దకపోతే నన్ను అడగొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి హౌస్‌లో ఎవరో కిటికీ అద్దం పగలగొట్టారు. వీడికి ఎవరో తెలుసు. చెప్పనందుకు వీడికీ శిక్ష వేశారు. ఫోన్లో "నాన్నా, ఫ్రెండ్స్ మీద చాడీలు చెప్పను" అన్నాడు. నాకు గర్వపడాలో కోప్పడాలో తెలియట్లేదు. – ఒక నాన్న

జవాబు: రెండూ పడండి. అద్దం విషయంలో గర్వపడండి. అదే నోరు మూసుకోవడం రేపు ఎవడో ఒక చిన్నోణ్ణి ఏడిపిస్తున్నప్పుడు కూడా చేస్తే కోప్పడండి. పైనున్న తల్లి ఉత్తరం చదివారుగా, ఆ డార్మెటరీలో కనీసం 20 మందికి తెలిసే ఉంటుంది, అందరూ చాడీలు చెప్పని వీరులే. వస్తువు పోతే చెప్పకపోయినా ఫర్వాలేదు, మనిషికి దెబ్బ తగిలితే చెప్పాలి, ఈ తేడా వాడికి ఫోన్లోనే చెప్పేయండి, పదిహేను సెకన్ల పని.

స్కూల్ చేసింది మాత్రం నాకు నచ్చలేదు. నిజాయితీ నేర్పడానికి రెండు దారులున్నాయి, పట్టుకోవడం ఒకటి, నమ్మడం ఒకటి. ఇందాక చెప్పిన ఆర్నాల్డ్ గురించి పిల్లలు ఏమనుకునేవాళ్లట అంటే, ఆయనతో అబద్ధమాడటం సిగ్గుచేటు, ఎందుకంటే చెప్పింది నమ్మేస్తాడు అని. కుర్ట్ హాన్ అని ఒక జర్మన్ టీచరు ఉండేవాడు, 1920 నుంచి జర్మనీలో సాలెమ్ అనే స్కూల్ నడిపించాడు, హిట్లర్‌ని ఎదిరించి మాట్లాడినందుకు 1933లో జైల్లో పెట్టారు, బయటపడి బ్రిటన్ వచ్చి 1934లో గోర్డన్‌స్టన్ పెట్టాడు. ఆయన దగ్గర ప్రతి పిల్లాడికీ ఒక కాగితం ఉండేది, ఇవాళ పళ్లు తోముకున్నానా, వ్యాయామం చేశానా, చన్నీళ్ల స్నానం చేశానా అని రాత్రి పడుకునే ముందు వాడే టిక్కు పెట్టుకోవాలి. పిల్లాణ్ణి నమ్మడమే అందులో పద్ధతి.

అది చదివి నేనూ మా హౌస్‌లో పెట్టాను, ఎందుకు దాచాలి. మొదటి వారం అందరూ అన్నీ టిక్కులే. రెండో వారం కూడా. మూడో వారంలో ఒకడు ఖాళీ కాగితం పట్టుకొచ్చి "సార్ నేను రెండు వారాలుగా చన్నీళ్లు పోసుకోలేదు, టిక్కు పెట్టా, ఇక పెట్టబుద్ధి కావట్లేదు" అన్నాడు. మిగతా 39 మంది సంగతి నాకు తెలియదు. వాడి కోసం ఆ ఏడంతా ఆ కాగితాలు కొనసాగించాను.

ప్రశ్న: నాకు 45. ఎనిమిదేళ్లకే బోర్డింగ్‌లో వేశారు. మంచి ఉద్యోగం, అన్నీ ఉన్నాయి. నాన్న పోయినప్పుడు కూడా కన్నీళ్లు రాలేదు. మా ఆవిడ "మీకు తాళం వేసేశారండీ" అంటుంది. నా స్కూల్ గురించి ఎవరైనా చెడుగా మాట్లాడితే మాత్రం కొట్టేంత కోపం వస్తుంది. ఇదేం జబ్బు మాస్టారూ? – ఓల్డ్ బాయ్

జవాబు: మీరు రాసిన ఆఖరి వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను, నాకూ అంతే.

ఇంగ్లండ్‌లో జాయ్ షావెరియన్ అనే సైకోథెరపిస్టు ఇలాంటివాళ్లని చాలా ఏళ్లు చూసి 2011లో దీనికి బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. చాలా చిన్నప్పుడే ఇంటి నుంచి దూరమైనవాళ్లు, ఏడిస్తే లాభం లేదని తెలుసుకుని, ఏడుపుని లోపల ఎక్కడో పెట్టి తలుపేసేస్తారు, పెద్దయ్యాక దగ్గరితనం అంటే భయపడతారు అన్నది ఆవిడ చెప్పింది. డాక్టర్ల జబ్బుల పట్టికలో ఉన్న పేరు కాదు ఇది, బోర్డింగ్‌లో చదివిన అందరికీ వచ్చేదీ కాదు, కాబట్టి కంగారుపడకండి. కానీ ఎనిమిదేళ్లంటే మరీ చిన్న వయసు సార్. ఆ వయసులో లైట్లు ఆర్పేశాక మీరు ఎవరికీ వినపడకుండా ఏడవడం నేర్చుకుని ఉంటారు, అది అప్పుడు తెలివైన పనే, మిమ్మల్ని కాపాడింది. ఇప్పుడు పక్కన మీ ఆవిడ ఉంది, ఆవిడకి కూడా వినపడట్లేదు.

స్కూల్‌ని ప్రేమించడం, స్కూల్ వల్ల బాధపడటం రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, దేన్నీ వదులుకోనక్కర్లేదు. మంచి కౌన్సెలర్ని ఒకసారి కలవండి, వెళ్లినప్పుడు ఉద్యోగం గురించి కాకుండా మొదటి రోజు మిమ్మల్ని దింపేసి వెళ్లిన వాహనం గురించి చెప్పండి. గుర్తుండే ఉంటుంది. నాకైతే దాని నంబరు కూడా గుర్తుంది.

ప్రశ్న: సార్ నేను ఆరో క్లాసు. హాస్టల్లో ఉంటా. నాకు రాత్రి పక్క తడిసిపోతుంది. రోజూ కాదు, వారానికి ఒకటి రెండుసార్లు. ఎవరికీ తెలీదు. పొద్దున దుప్పటి కప్పేస్తా. వాసన వస్తుందేమో అని భయంగా ఉంది. రాత్రి నీళ్లు తాగడం మానేశా. మా లైబ్రరీలో మీ పత్రిక వస్తుంది. నా పేరు వేయొద్దు ప్లీజ్ – (పేరు లేదు)

జవాబు: నాన్నా, పేరు వేయను, నువ్వు రాయలేదు కూడా కదా.

ముందు ఇది విను. పదేళ్ల పిల్లల్లో నూటికి దాదాపు అయిదుగురికి ఇలా అవుతుంది, ఆడపిల్లలకంటే మగపిల్లల్లో ఎక్కువ. అంటే మీ స్కూల్లో నువ్వొక్కడివే అయ్యే ఛాన్సు చాలా తక్కువ, ఇంకెవడో కూడా పొద్దున దుప్పటి కప్పేస్తున్నాడు. ఇది నీ తప్పు కాదు, బద్ధకం కాదు, భయస్తుడివని కూడా కాదు. గాఢనిద్రలో బ్లాడర్ నిండిన కబురు మెదడుకి సరిగ్గా అందట్లేదు, అంతే, చాలామందికి వయసుతో పాటే పోతుంది.

నీళ్లు మానేయకు. పగలంతా బాగా తాగు, ఆటల తర్వాత కూడా తాగు, పడుకునే ముందు గంటా రెండు గంటలు మాత్రం తగ్గించు. లైట్స్ ఆఫ్‌కి ముందు తప్పకుండా ఒకసారి వెళ్లిరా, రాకపోయినా వెళ్లి నిలబడు. ఇంతకుముందు ఎప్పుడూ లేకుండా కొత్తగా మొదలైందా, లేకపోతే పోసేటప్పుడు మంటగా ఉందా, విపరీతంగా దాహం వేస్తోందా? అయితే డాక్టర్‌కి చూపించాలి, సెలవుల దాకా ఆగకూడదు.

మేట్రన్‌కి, అదే హాస్టల్లో మీ బాగోగులు చూసే ఆవిడకి చెప్పు. నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ చింపి (లైబ్రరియన్‌కి నేను సారీ చెప్పానని చెప్పు) ఆవిడ చేతిలో పెట్టు, అర్థమవుతుంది. పరుపు మీద వేసే రబ్బరు షీటు ఒకటి, అదనంగా రెండు దుప్పట్లు ఇమ్మను. దుప్పటి కప్పేస్తే ఆరదు, వాసన అందుకే వస్తుంది. నేను హౌస్ మాస్టర్‌గా ఉన్నప్పుడు నా గది పక్కన చిన్న అల్మారా ఉండేది, తాళం వేయం, లోపల ఉతికిన దుప్పట్లు, ఒక ఖాళీ బకెట్. పొద్దున బెల్లుకి పది నిమిషాల ముందు ఎవరైనా వచ్చి తడిది బకెట్లో వేసి పొడిది పట్టుకెళ్లొచ్చు, ఎవరొచ్చారని నేను చూడను, అడగను, గదిలో లైటు కూడా వేసుకోను. మీ హౌస్ మాస్టర్ ఈ పత్రిక చదువుతారో లేదో తెలియదు గానీ, చదివితే సార్, ఆ అల్మారాకి పెద్ద ఖర్చేం కాదు.